తాటివనం దాకా జనాన్ని రప్పించడం ఎలా? నీరా గీసే ఇళ్ల పిల్లల కోసం సోషల్ మీడియా పని

నల్లగొండ, భువనగిరి, పాలమూరు పల్లెల్లో గీత పని చేసే ఇళ్లలో ఇప్పుడు డిగ్రీ చదివిన కొడుకో కూతురో ఉంటున్నారు. చేతిలో మంచి కెమెరా ఉన్న ఫోన్ ఉంటోంది. నాయన పొద్దుగాల తాటి, ఈత చెట్ల నుంచి దింపే నీరా (పులవని తియ్యటి రసం) గురించి మాత్రం ఊరి పొలిమేర దాటితే ఎవరికీ తెలియదు. అటు హైదరాబాద్‌లో 2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచాక, అసలు నీరా అంటే ఏమిటో, చెట్టు కింద నిలబడి తాగితే ఎట్లా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు ఉన్నారు. ఈ ఇద్దరినీ కలపడానికి ఫోన్‌తో ఏమేం చేయాలో, ఏవి అస్సలు చేయకూడదో వరుసగా చెప్తాను.

ముందే ఒక మాట. నీరాను మనిషి దగ్గరికి పంపాలని చూడకండి, మనిషినే నీరా దగ్గరికి రప్పించండి. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఉత్త తియ్యటి రసం. గాలిలో ఉన్న ఈస్టు, లొట్టి (చెట్టుకు కట్టే కుండ) గోడలకు అంటుకున్న ఈస్టు అందులో పడ్డాయంటే చక్కెర ఆల్కహాల్‌గా మారడం మొదలవుతుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుపు ఎక్కి కల్లు అవుతుంది. ఎప్పుడూ 4 డిగ్రీల చలిలో ఉంచగలిగే ఏర్పాటు ఉంటే తప్ప దాన్ని ఊరు దాటించడం కష్టం. ఆ ఏర్పాటు మన ఇళ్లలో ఉండదు. కాబట్టి మీ పేజీ చేయాల్సిన పని ఒక్కటే: ఆదివారం పొద్దున ఆరు గంటలకల్లా పది మందిని మీ తాటివనంలో నిలబెట్టడం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మహారాష్ట్రలోని నాసిక్‌లో వైన్ చేసే ద్రాక్ష తోటల వాళ్లు ఇదే పని చేశారు. 1999లో మొదలైన సులా వైన్ కంపెనీ వాళ్లు 2005లో తోటలోనే టేస్టింగ్ రూమ్ (రుచి చూపించే గది) పెట్టారు. టీవీలో మద్యం ప్రకటనలు వేయడానికి మన దేశంలో వీల్లేదు, 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలే దానికి అడ్డు. అందుకే వాళ్లు సీసా కంటే ఎక్కువగా తోటను చూపించారు. ద్రాక్ష కోతలు, కాళ్లతో పండ్లు తొక్కే ఆట, సాయంత్రం కొండ మీద వెలుతురు, భోజనం, ఉండటానికి గదులు. వచ్చినవాళ్లు తలా నాలుగు ఫోటోలు పెట్టారు, అవి చూసి ఇంకొందరు బయల్దేరారు. వైన్ సీసాలో ఏళ్ల తరబడి ఉంటుంది, లారీ ఎక్కి ఎక్కడికైనా పోతుంది. అయినా మనుషులను తోటకు పిలవడమే మేలని వాళ్లకు అర్థమైంది. పూట కూడా నిలవని నీరా ఉన్న మనకు ఆ అవసరం ఇంకా ఎక్కువ.

1. కాగితాల పని ముందు, పేజీ తర్వాత

నీరా అయినా కల్లు అయినా ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా గీయకూడదు, అమ్మకూడదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో నీరా పాలసీ తెచ్చింది, గీత వృత్తిలో ఉన్నవాళ్లకే లైసెన్సు అని అందులో పెట్టింది. కల్లుకు గీత సహకార సంఘం లైసెన్సు గానీ, చెట్టు గీసే మనిషి పేరు మీద ఇచ్చే టీఎఫ్‌టీ లైసెన్సు గానీ ఉంటుంది. మీ ఇంట్లో ఏది ఉందో నాయననో, సంఘం అధ్యక్షుడినో అడిగి తెలుసుకోండి. నీరాకు విడిగా అనుమతి కావాలంటే మీ ప్రాంతపు ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లి అడగండి. తాగేదీ తినేదీ అమ్ముతున్నాం కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా తీసుకోండి, అది ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

పేజీలో కల్లును ప్రచారం చేయకండి. అది మద్యం కిందికి వస్తుంది. డబ్బు కట్టి బూస్ట్ చేశారంటే ఇటు చట్టంతోనూ అటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనలతోనూ చిక్కే. నీరా పేరు పెట్టి కల్లును చూపించడం ఇంకా తప్పు. ఒక సరుకు పేరుతో నిషేధం ఉన్న ఇంకో సరుకును ప్రచారం చేయడాన్ని 2022లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు నేరుగా కాదన్నాయి. మీ పేజీలో నీరా, ముంజలు, గేగులు (తాటి టెంకల మొలకలు), తాటి బెల్లం, తాటివనం, గీత పని ఉండాలి. ఇవి ఉంటే ఏడాది పొడుగునా చూపించడానికి సరిపోతుంది.

పేరు విషయంలో ఒక సలహా. ఊరి పేరు తప్పకుండా పెట్టండి. పోచంపల్లి అంటే చీర, బాలానగర్ అంటే సీతాఫలం, కొల్లాపూర్ అంటే మామిడి గుర్తొచ్చినట్టు మీ ఊరి పేరు నీరాతో కలిసి జనం నోట్లో నానాలి. ‘నేచురల్’, ‘ఆర్గానిక్’ అని తగిలించిన పేర్లు వందల్లో ఉన్నాయి, ఎవరికీ గుర్తుండవు.

2. వీడియో తీయడం

అసలు పని ఇక్కడే ఉంది. ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మొదట భద్రత. నాయన చెట్టు మీద ఉన్నప్పుడు కింది నుంచి పిలవద్దు, ఇటు చూడు అనొద్దు. వీడియో సరిగ్గా రాలేదని రెండోసారి ఎక్కించొద్దు. తాడి మీద నుంచి పడి నడుములు విరిగిన ఇళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ప్రభుత్వం 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షక కవచం పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మీ ఇంటికి వచ్చి ఉంటే అది వేసుకుని ఎక్కేదే చూపించండి. మోకు, ముస్తాదు (చెట్టు ఎక్కడానికి పాతకాలం నుంచి కట్టుకునే తాళ్లు) మాత్రమే కట్టుకుని ఎక్కడం వీరత్వంలా కనిపిస్తుంది, వ్యూస్ కూడా వస్తాయి. కానీ అది చూసి పక్క ఊరి పిల్లగాడు కిట్టు పక్కన పడేస్తే ఆ పాపం మన వీడియోది. చూడటానికి వచ్చిన పట్నం వాళ్లను చెట్టు ఎక్కనివ్వొద్దు, ఎంత బతిమాలినా సరే.

ఇక వెలుతురు. తూర్పు తెల్లబడే వేళ నుంచి ఎండ కంట్లో పడే వేళ దాకా సుమారు ముప్పావు గంట దొరుకుతుంది. మీకు కావలసినవన్నీ ఆ ముప్పావు గంటలోనే తీయాలి. రాత్రే ఫోన్ చార్జింగ్ నింపుకోండి, మెమరీ ఖాళీ చేసుకోండి. పొద్దున లేవగానే లెన్సును మెత్తటి బట్టతో తుడవండి. మంచు కురిసే రోజుల్లో లెన్సు మీద తడి చేరి బొమ్మ అంతా మసకగా వస్తుంది, మధ్యమధ్యలో తుడుస్తూ ఉండాలి.

అందరూ చేసే పని, కింద నిలబడి చెట్టు చివర మీదికి జూమ్ చేయడం. తాటిచెట్టు ఎత్తుకు ఫోన్ జూమ్ చాలదు, మనిషి నల్లటి చుక్కలా కనిపిస్తాడు. దానికి బదులు మూడు ముక్కలుగా తీయండి. మొదటి ముక్క దూరం నుంచి: చెట్టు మొత్తం, దాన్ని ఎక్కుతున్న మనిషి, వెనక ఆకాశం. ఫోన్‌ను గట్టు మీదో స్టాండు మీదో కదలకుండా పెట్టండి. రెండో ముక్క దగ్గరి నుంచి: నడుముకు కత్తి, లొట్టి కట్టుకోవడం, మోకు బిగించడం, కాళ్లకు బంధం వేసుకోవడం. ఆ చేతులు చూపించండి చాలు, ముఖం అక్కర్లేదు. మూడో ముక్క, అందరినీ ఆపేది, చుక్క. తాటిగెల అంత ఎత్తున ఉంటుంది కాబట్టి ఆ చుక్కను దగ్గరగా తీయలేరు. అందుకు పొట్టి ఈతచెట్టు వెతకండి. ఈతకు మట్టల కింద మొద్దు మీదే గీత పెడతారు, లేత చెట్టయితే అది మీ ఛాతీ ఎత్తులో ఉంటుంది. తెల్లటి గీత మీద నీటిబొట్టు ఉబ్బి, ఒక్క క్షణం నిలిచి, లొట్టిలోకి జారుతుంది. ఫోన్‌ను పది అంగుళాల దూరంలో పెట్టి, స్క్రీన్ మీద ఆ గీతనే వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. నాలుగైదు చుక్కలు పడేదాకా కదలకండి. రీల్‌లో మొదటి రెండు మూడు సెకన్లు ఇదే పెట్టండి. ఇది ఈతచెట్టు అని స్క్రీన్ మీద రాయండి, తాటి నీరా అని చూపించొద్దు.

శబ్దాన్ని చాలామంది పట్టించుకోరు. సినిమా పాట పెట్టి అన్నీ మింగేస్తారు. కత్తి గెల మీద పడే చప్పుడు, లొట్టి లొట్టి తగిలే చప్పుడు, దూరంగా కోడి కూత: ఇవి కావాలనే పట్నం మనిషి ఆగి చూస్తాడు. పాట పెట్టకుండా ఒక రీల్ వేసి చూడండి. మాటలు చెప్పాల్సి వస్తే ఇంటికొచ్చి తలుపులు మూసి విడిగా రికార్డు చేసి కలపండి. మన యాసలోనే చెప్పండి. ఇట్లా:

‘ఇది మా నాయన రాత్రి కట్టిన లొట్టి. లోపల తెల్లగ కనిపించేది సున్నం. పులవకుండ ఉండాలని పూస్తం. ఇప్పుడు టైం ఆరింటికి పది నిమిషాలు తక్కువ. బట్టల వడగట్టి గ్లాసుల పోస్తున్న, సూడుండ్రి.’

ఇంతే. దీనికి ముందు ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానల్’ అక్కర్లేదు. రీల్ అర నిమిషం దాటనివ్వొద్దు. కింద రాసేది మామూలు తెలుగులో రాయండి, రెండు లైన్లు ఇంగ్లీషులో కూడా రాయండి. హైదరాబాద్‌లో మన భాష రానివాళ్లు కూడా ఆదివారం ఎక్కడికి పోవాలా అని వెతుకుతూనే ఉంటారు. లొకేషన్ ట్యాగ్‌లో ఊరు పెట్టండి. హ్యాష్‌ట్యాగులు నాలుగైదు చాలు.

నాయన ముఖం, పేరు పెట్టాలంటే ముందు ఆయనను అడగండి. కొందరు పెద్దవాళ్లకు ఇష్టం ఉండదు. ఆయన వద్దంటే చేతులు, గొంతు చాలు.

3. కల్తీ భయం పోగొట్టడం

పాలమూరు పేరు చెప్పగానే పట్నం వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగకపోయినా మనసులో ఉంటుంది. తప్పు పట్టడానికి లేదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లను నాశనం చేసింది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. చెట్టు ఎక్కే మనిషి కష్టాన్ని ఎక్కడో మత్తుమందు కలిపేవాడు మట్టిపాలు చేస్తున్నాడు. ఆ కోపం నాకు ఉంది, మీకూ ఉంటుంది. కానీ పేజీలో కోపం చూపిస్తే నమ్మకం రాదు, పని చూపిస్తే వస్తుంది.

నెలకు ఒకసారైనా ఒక పొడుగు వీడియో పెట్టండి. అందులో కట్ ఉండకూడదు. లొట్టి చెట్టు దిగడం నుంచి గ్లాసులో పోసేదాకా ఒకే షాట్, మూడు నాలుగు నిమిషాలైనా పర్వాలేదు. మధ్యలో ఏ డ్రమ్మూ లేదు, ఏ పొడీ లేదు అని కళ్లతో చూస్తే తప్ప మనిషి నమ్మడు. ఇంకో వీడియోలో లొట్లు కడగడం చూపించండి: వేడినీళ్లు పోసి తిప్పడం, బోర్లించి ఎండబెట్టడం, లోపలి గోడకు సున్నం పలచగా పూయడం. కొన్నిచోట్ల సున్నం లేకుండా ఐసు నింపిన పెట్టెలో రసం పడేలా చేస్తారు. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థ కొబ్బరి నీరా కోసం అట్లాంటి పెట్టెను తయారుచేసింది. మీరు ఏ పద్ధతి వాడితే అది చెప్పండి.

లిట్మస్ కాగితంతో ఒక చిన్న పరీక్ష కూడా చూపించవచ్చు. స్కూల్లో సైన్స్ సార్‌ను అడిగితే ఇస్తారు. నీలం కాగితం తాజా నీరాలో ముంచితే ఎర్రగా మారదు, పులిసిన దాంట్లో ముంచితే మారుతుంది. పిల్లలతో వచ్చిన కుటుంబాలకు ఇది బాగా నచ్చుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఈ కాగితం పులిసిందా లేదా అనే చెప్తుంది, మత్తుమందు ఉందో లేదో చెప్పదు. అది కల్తీ పరీక్ష అని రాస్తే అబద్ధం అవుతుంది.

‘మీ దగ్గర కల్తీ ఉండదని గ్యారంటీ ఏంటి?’ అని ఎవరైనా కామెంట్ పెడితే డిలీట్ చేయకండి, గొడవకు దిగకండి. ఇట్లా రాయండి: ‘అన్నా, మీరు అడిగింది కరెక్టే. ఆదివారం పొద్దున ఐదున్నరకు రండి. లొట్టి దిగేటప్పుడు మీరే పట్టుకోండి, మీ చేతులతోనే గ్లాసులో పోసుకోండి. రావాలంటే ముందు రోజు మెసేజ్ పెట్టండి చాలు.’ మిగతా వందమంది చదివేది ఈ జవాబునే.

4. దారి చూపించడం, బుకింగ్ తీసుకోవడం

రీల్ లక్ష మంది చూసినా దారి దొరక్కపోతే లాభం లేదు. గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ తెరవండి. ఇప్పుడు ఎక్కువగా వీడియో తీసి పంపమని అడిగి వెరిఫై చేస్తున్నారు. పిన్ మీ ఇంటి మీద పెట్టకండి, కారు ఆగే చోట పెట్టండి. తాటివనంలోకి బండి దారి ఉండదు. తెల్లారకముందు వచ్చేవాళ్లకు చీకట్లో ఏమీ కనిపించదు కాబట్టి హైవే మలుపు దగ్గర నుంచి మీ దాకా ఒక చిన్న వీడియో తీసి ప్రొఫైల్‌లో పెట్టండి, ఇన్‌స్టాలో పైన పిన్ చేయండి. ‘చౌటుప్పల్ దాటాక ఫలానా పెట్రోల్ బంకు, దాని పక్క మట్టి రోడ్డు, హనుమాన్ గుడి దగ్గర ఎడమ’ అని నోటితో చెప్తూ. టైమింగ్స్‌లో పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర అనే పెట్టండి. పొద్దంతా తెరిచి ఉన్నట్టు పెడితే పదకొండింటికి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ ఒక్క స్టార్ ఇచ్చిపోతారు.

మీ ఊరు ఏ దారిలో ఉందో దాన్నిబట్టి ఎవరిని పిలవాలో తేల్చుకోండి. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి వైపు ఉంటే విజయవాడ వైపు పోయేవాళ్లు దొరుకుతారు. బెంగళూరు హైవే మీద బాలానగర్, జడ్చర్ల వైపు అయితే పిల్లలమర్రికో, సోమశిలకో బయల్దేరినవాళ్లు. పోచంపల్లి దగ్గరైతే చీరలు, మగ్గాలు చూడటానికి వచ్చేవాళ్లు. ఆ ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది, అక్కడి నేతన్నలతో మాట్లాడుకుంటే పొద్దున నీరా, తర్వాత మగ్గం అని ఒకే పూట కలపవచ్చు. యాదగిరిగుట్టకు పోయేవాళ్ల సంగతి వేరు. మొక్కుతో వచ్చినవాళ్లకు దర్శనం ముందు తాటివనం మాట ఎత్తడం బాగుండదు, దర్శనం అయ్యేసరికి నీరా వేళ దాటిపోతుంది. వాళ్లకు రోడ్డు పక్కన ముంజలు, తాటి బెల్లం అమ్మండి.

బుకింగ్‌కు వాట్సాప్ బిజినెస్ చాలు. వెబ్‌సైట్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. క్విక్ రిప్లైలో ఇట్లాంటి మెసేజ్ దాచుకోండి:

‘నమస్తే సార్/మేడమ్. రేపు పొద్దున ఎంతమంది వస్తున్నారు? ఐదున్నరకల్లా చేరాలి, ఆరున్నర తర్వాత నీరా రుచి మారుతుంది. దారి వీడియో, మ్యాప్ కింద పంపుతున్నాను. అడ్వాన్స్ ఈ నంబర్‌కు ఫోన్‌పే చేయండి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తాగండి. రాత్రి వాన పడితే ఉదయం నాలుగున్నరకు మెసేజ్ పెడతాను, అడ్వాన్స్ తిరిగి ఇస్తాను.’

ఎన్ని లొట్లు దిగుతాయో దానికి తగ్గట్టే మనుషులను తీసుకోండి. ఇరవై మందికి సరిపోయే నీరా ఉంటే ఇరవై మందికే ఒప్పుకోండి. వచ్చినవాడు ఖాళీ గ్లాసుతో వెనక్కి పోతే ఆ కోపం నెలల తరబడి రివ్యూల్లో కనిపిస్తుంది. ‘ఈ ఆదివారం నిండిపోయింది, వచ్చే ఆదివారం చెప్పండి’ అని చెప్పడానికి మొహమాటపడొద్దు.

5. వచ్చినవాళ్లకు రుచి చూపించడం

ఇది వైన్ తయారుచేసే తోటల దగ్గర నేర్చుకోదగ్గ పని. అక్కడ గ్లాసులో పోసి చేతికిచ్చి ఊరుకోరు. ఈ ద్రాక్ష ఏ గట్టు మీదిది, ఎప్పుడు కోశారు, ముందు ఏది తాగాలి, తర్వాత ఏది తాగాలి అని పక్కన నిలబడి చెప్తారు. ఆ మాటలకే మనిషి డబ్బు కడతాడు.

మన దగ్గర చెప్పడానికి అంతకంటే ఎక్కువే ఉంది. దొరికే రోజుల్లో రెండు చిన్న గ్లాసులు పెట్టండి, ఒకటి తాటి నీరా, ఒకటి ఈత నీరా. ముందు వాసన చూడమనండి, తర్వాత చిన్న గుటక. ఏది చిక్కగా ఉంది, ఏది తేలిగ్గా ఉంది అని వాళ్లనే అడగండి. సున్నం లొట్టి రుచి, ఐసు పెట్టె రుచి పక్కపక్కన పెడితే తేడా పిల్లలకు కూడా తెలుస్తుంది. పోతుతాడు (మగ చెట్టు) ఏది, పండుతాడు (కాయలు కాసే ఆడ చెట్టు) ఏది అని నాయన చెట్టు చూపించి చెప్తే వినేవాళ్లు ఎంతసేపైనా నిలబడతారు. రోజుకు రెండు పూటలా ఎందుకు ఎక్కాలి, గెలను ఎందుకు అంత పలచగా చెక్కాలి, ఒక్క రోజు వదిలేస్తే ఏమవుతుంది: ఇవి ఆయన నోటి నుంచే రావాలి. మీరు మైకు పట్టుకుని మధ్యలో దూరొద్దు.

తాటాకు రేకలో (దొన్నెలా మడిచిన ఆకులో) పోసి ఇవ్వండి. ప్లాస్టిక్ గ్లాసు తెచ్చారంటే ఫోటో అక్కడే పాడైపోయినట్టు. రేక ఎట్లా మడవాలో వాళ్లకే నేర్పించండి, వాళ్లు తీసుకునే వీడియో అదే అవుతుంది. తినడానికి అమ్మ చేసిన గుడాలు (గుగ్గిళ్లు), జొన్నరొట్టె పెట్టండి. గ్లాసు లెక్కన కాకుండా మనిషి లెక్కన ధర పెట్టండి: నీరా, తిండి, వనం చూడటం అన్నీ కలిపి. గ్లాసు లెక్క పెడితే బేరం మొదలవుతుంది. పైగా అందులో నాయన చెప్పిన గంటసేపటి మాటలకు విలువ కట్టినట్టే ఉండదు.

ఎవరైనా కల్లు అడుగుతారు, అడగక మానరు. లైసెన్సు ఉన్న దుకాణానికే పంపండి. కారు నడిపేవాళ్లకు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంకెన్ డ్రైవ్ కేసు. హైవే మీద పొద్దున పూట లారీల మధ్య జరిగేది కేసుతో ఆగకపోవచ్చు.

6. రాయకూడని మాటలు

‘నీరాతో షుగర్ మాయం’, ‘కిడ్నీ రాళ్లు కరుగుతాయి’, ‘క్యాన్సర్ రాదు’. ఇవి అంటిస్తే షేర్లు వస్తాయి, అందుకే అందరూ అంటిస్తారు. మీరు మాత్రం వద్దు. తిండి పదార్థం రోగాన్ని తగ్గిస్తుందని ప్రకటించడం ఆహార భద్రత సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం తప్పు. చట్టం సంగతి పక్కన పెట్టినా, నీరాలో నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెరే. ఒక పెద్ద గ్లాసు తాగితే ఐదారు చెంచాలకు పైగానే చక్కెర కడుపులో పడ్డట్టు. మీ మాట నమ్మి షుగర్ ఉన్న పెద్దాయన రోజూ తాగితే ఏమవుతుందో ఆలోచించండి. తియ్యగా ఉంటుంది, తాజాగా ఉంటుంది, మా చెట్టుది. అంతవరకు చెప్తే చాలు.

‘కిక్’, ‘మత్తు’, ‘నాటు మందు’ లాంటి మాటలు, పిల్లల చేతిలో గ్లాసు ఉన్న ఫోటోకు అట్లాంటి పాట, ఇవీ వద్దు. హైదరాబాద్ నుంచి ఫుడ్ వ్లాగర్లు వస్తామంటే రమ్మనండి, కానీ ఈ విషయాలు ముందే ఫోన్‌లో చెప్పండి. జనం తక్కువ ఉండే మంగళవారమో బుధవారమో పిలవండి, ఆదివారం వచ్చినవాళ్ల మధ్య కెమెరాలు తిప్పితే డబ్బు కట్టినవాళ్లకు చిరాకు. వ్లాగర్‌కు మీరు డబ్బో సరుకో ఇచ్చి ఉంటే అది ప్రకటన అని వీడియోలో రాయాల్సిందే. నా వరకు నాకు, పెద్ద వ్లాగర్ ఒక్కరి కంటే, వచ్చిపోయిన ఇరవై కుటుంబాలు తలా ఒక స్టోరీ పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేయడమే మేలు అనిపిస్తుంది. ఆ స్టోరీలను అదే రోజు మీ పేజీలో తిరిగి పెట్టండి, కృతజ్ఞతగా ఒక మాట రాయండి.

7. నీరా లేని నెలల్లో

చాలా పేజీలు వానలు మొదలవగానే చచ్చిపోతాయి. తాటిచెట్టు అట్లా ఖాళీగా ఉండదు. ఎండాకాలం ముంజలు, వానాకాలం తాటిపండ్లు, ఆ టెంకలు పాతరేస్తే చలికాలానికి గేగులు. చలికాలమే ఈత కూడా మొదలవుతుంది. టెంకలు పాతరేసే రోజు ఒక వీడియో, మట్టి తవ్వి గేగులు తీసే రోజు ఇంకో వీడియో పెట్టండి. మధ్యలో నెలలు గడిచినా చూసినవాళ్లకు అదేమైందో అనే ఆసక్తి ఉంటుంది. గేగులు కుంపట్లో కాల్చి రెండుగా చీల్చే దృశ్యం ఒక్కటి చాలు, పట్నంలో ఉన్న మన ఊరివాళ్లకు నోరూరుతుంది.

దూరం పంపగలిగింది తాటి బెల్లం ఒక్కటే. కిలో బెల్లానికి 8 లీటర్లకు పైగానే నీరా కాగాలి, పొయ్యి దగ్గర గంటల తరబడి కలుపుతూ నిలబడాలి. ధర ఎందుకు అంత అని అడిగేవాళ్లకు ఆ పెనం పక్కన తీసిన వీడియోనే జవాబు. తమిళనాడులో ఉడన్‌గుడి తాటి బెల్లం ఆ ఊరి పేరుతోనే అమ్ముడుపోతుంది, మన బెల్లానికి ఇంకా ఆ పేరు రాలేదు. కాబట్టి ప్యాకెట్ మీద ఊరి పేరు, కాచిన తేదీ పెద్దగా వేయండి. మార్కెట్‌లో చక్కెర కలిపిన తాటి బెల్లం బోలెడు ఉంది, మీరు కలపకపోతే ఆ మాట రాయండి. కలిపితే ఆ పని ఇవాళే మానేయండి.

వచ్చిపోయినవాళ్ల నంబర్లను వాళ్లను అడిగి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో వేసుకోండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. వాళ్ల ఫోన్‌లో మీ నంబర్ సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది, కాబట్టి వెళ్లేటప్పుడే సేవ్ చేయించండి. రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపితే బ్లాక్ చేస్తారు. నెలకు ఒకటీ రెండూ, అవీ పనికొచ్చేవే: ‘ముంజలు మొదలైనయి’, ‘ఈ వారం బెల్లం 12 కిలోలు ఉంది, అంతే’.

8. ఏది పనిచేస్తుందో లెక్క చూసుకోవడం

లైకులు చూసి సంబరపడటం, తగ్గితే టెన్షన్ పడటం రెండూ వద్దు. ఒక నోటుబుక్కు పెట్టండి. వచ్చిన ప్రతి గుంపునూ అడగండి: ‘మా గురించి ఎట్లా తెలిసింది?’ రీల్ చూసి, గూగుల్‌లో వెతికి, చుట్టాలు చెప్పి, దారిలో బోర్డు చూసి. పక్కన ఎంతమంది, ఎంత వచ్చింది, రెండోసారి వచ్చారా అని రాయండి. సీజన్ అయ్యేసరికి ఏ పని మీద పొద్దు పెట్టాలో పుస్తకమే చెప్తుంది. లక్ష మంది చూసిన రీల్ నుంచి ఎవరూ రాలేదని, మ్యాప్‌లో పెట్టిన దారి వీడియో చూసి నలభై మంది వచ్చారని తేలినా ఆశ్చర్యపోకండి.

డబ్బు పెట్టి ప్రకటన వేయాలనుకుంటే మొదటి సీజన్ గడిచాకే వేయండి. అప్పుడు కూడా రాష్ట్రమంతా కాకుండా ఎల్బీ నగర్, ఉప్పల్, శంషాబాద్ లాంటి, మీ హైవే మొదలయ్యే చోట్లకు మాత్రమే, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా. అమ్మేది నీరా అని, అది మద్యం కాదని ప్రకటనలో స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఆటోమేటిక్‌గా తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే మళ్లీ పరిశీలించమని అడగండి.

ఇంకొక పని, ఇవాళే చేయగలిగింది. మీ ఊళ్లో గీసేవాళ్లు ఐదారు ఇళ్లు ఉంటే ఎవరికి వారు పేజీలు తెరవకండి. సంఘం పేరు మీద ఒక్కటే తెరిచి, వారానికి ఒక ఇంటి వంతు పెట్టుకోండి. ఈ ఆదివారం మీ నాయన లొట్లు, వచ్చే ఆదివారం చిన్నాయన లొట్లు. ఏ ఒక్కరి చెట్లూ అలిసిపోవు, ఒకరికి జ్వరం వచ్చినా బుకింగులు ఆగవు. పేజీ పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి, వచ్చిన డబ్బు సంఘం ఖాతాలో పడాలి, నోటుబుక్కు నెలకోసారి అందరి ముందూ చదవాలి.